పుట్టువెంట్రుకలకు ఐదు ఇంగ్లీషు అర్జీలు

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. ఒక ఇంగ్లీషు మాటకు ఒక అర్థం తెలిస్తే గుమాస్తా ఉద్యోగం వస్తుందనీ, రెండర్థాలు తెలిస్తే హెడ్ గుమాస్తా అవుతామనీ, ఐదారు తెలిస్తే ఇక ప్రపంచంలో ఏ తలుపూ మన ముఖం మీద మూసుకోదనీ. ఇది నాకు ఎవరు చెప్పారో గుర్తులేదు. ఎవరూ చెప్పి ఉండరు కూడా. ఇరవై మూడేళ్ళ వయసులో ఇలాంటి సత్యాలు మనిషికి వాటంతటవే తెలిసిపోతాయి. తర్వాత ఎప్పుడో, మనకు చెప్పకుండానే, వాటంతటవే వెళ్ళిపోతాయి.

ఎనభైల చివర్లో ఒమాన్ వెళ్ళాను. సమాయిల్ అనే ఊళ్ళో బడి కడుతున్న ఒక కంపెనీ సైట్ ఆఫీసులో టైమ్‌కీపర్ ఉద్యోగం. మాది కాకినాడ దగ్గర. పొద్దున్నే ఎవరు డ్యూటీకి వచ్చారో ఎవరు రాలేదో రాసుకోవడం నా పని. అది తొమ్మిదింటికల్లా అయిపోయేది. ఆ తర్వాత రోజంతా నాదీ, నా డిక్షనరీదీ. ఆ డిక్షనరీ మా పెద్దమావయ్య ఇచ్చింది. ఆయన హైస్కూల్లో ఇంగ్లీషు మాస్టారు. దాన్ని అటక మీద దాచిన పదేళ్ళలో మొదటి అక్షరాన్ని పూర్తిగానూ, రెండోదాన్ని సగానికీ ఎలుకలు తినేశాయి. (ఇప్పటికీ 'ఎ'తో మొదలయ్యే ఇంగ్లీషు మాటలు నాకు అంతగా రావు. లోపం నాది కాదు.) మిగిలినదే నాలుగు కిలోల బరువుండేది. పక్కవాళ్ళు ఊరి నుంచి ఆవకాయ జాడీలు తెచ్చుకుంటే నేను దీన్ని మోసుకొచ్చాను. బొంబాయి విమానాశ్రయంలో సంచి విప్పి చూసినవాడు దాన్నీ నన్నూ మార్చి మార్చి చూసి, జాలిపడి వదిలేశాడు.

సమాయిల్‌లో మధ్యాహ్నాలు చాలా పొడుగ్గా ఉండేవి. ఎండ ముదిరాక పని ఆపేసి అందరూ రూముల్లో పడుకునేవాళ్ళు. నేను మాత్రం డిక్షనరీ చంకన పెట్టుకుని ఖర్జూరపు తోటల్లోకి వెళ్ళేవాణ్ణి. అక్కడ ఫలజ్ అంటారు, కొండల నుంచి తోటలకు నీళ్ళు తెచ్చే సన్నటి కాలువ. మోకాలి లోతు కూడా ఉండదు. దాని గట్టున కూర్చుని కాళ్ళు నీళ్ళలో పెడితే, పైన ఖర్జూరపు మట్టలు ఎండను జల్లెడ పట్టి వదిలేవి. దూరంగా గోధుమరంగు కొండలు కదులుతున్నాయా అనిపించేది. నీళ్ళు ఒక్క తీరుగా పోతూనే ఉండేవి. చేపపిల్లలు వచ్చి కాలివేళ్ళను కొరికేవి. ఒళ్ళో డిక్షనరీ. ఏదో ఒక మాట పట్టుకుని దాని పుట్టుపూర్వోత్తరాలు చదువుతూ, అది ఏ ఊళ్ళో పుట్టిందో ఎవరింట్లో పెరిగిందో ఊహించుకుంటూ ఉంటే నిద్రో మెలకువో తెలిసేది కాదు. అంత సుఖం నేను తర్వాత ఏ ఉద్యోగంలోనూ ఎరగను.

ఈ డిక్షనరీ సంగతి పాకిపోయి, క్యాంపులో నాకు 'అర్జీ సార్' అని పేరొచ్చింది. కంపెనీకి ఎవరు ఏం రాసుకోవాలన్నా నా దగ్గరికే. అలా వచ్చినవాడే సల్లగుండు మేస్త్రి. కరీంనగర్ వైపు మనిషి. గోడకు ప్లాస్టరింగ్ చేస్తే అద్దంలా ఉండేది. ఎవరు ఏ చిన్న సాయం చేసినా, మంచినీళ్ళ గ్లాసు అందించినా, 'సల్లగుండు బిడ్డా' అని దీవించేవాడు కాబట్టి ఆ పేరు. నాకంటే పన్నెండేళ్ళు పెద్ద. అయినా ఆయన నన్ను మీరనేవాడు, నేను ఆయన్ని నువ్వనేవాణ్ణి. (కుర్చీలో కూర్చునేవాడికి అప్పట్లో అదొక జబ్బు.)

"సార్, మా బిడ్డకు పుట్టెంటికలు తీసేదుంది," అన్నాడు ఒకరోజు, టోపీ చేత్తో పట్టుకుని. "నేనిటు వచ్చినంక మూడు నెలలకు పుట్టింది. ఇంక సూడనే లేదు. ఇప్పుడు దానికి మూడో యేడు నడుస్తున్నది. మూడు దాటి నాలుగుల వడితె తీయరాదు సార్. ఇగ అయిదో యేడే."

"నువ్వు లేకపోతే తీయకూడదా? మేనమామ ఒళ్ళో కదా కూర్చోబెట్టేది?"

"మేనమామ ఒడి తయారుగనే ఉన్నది సార్. మా ఇంటామె మొక్కుకున్నది. తండ్రి వచ్చినంకనే ఏములాడ రాజన్నకు ఎంటికలిస్తనని. గిప్పుడు ఆ పోరికి నడుం దాక ఎంటికలు. పేన్లు, సెగ్గడ్డలు. దువ్వెన వెడితె ఊరంత ఇనవడ్తట్టు ఏడుస్తదట. ఇంక రెండేండ్లంటే ఎట్ల సార్?"

రెండేళ్ళ కాంట్రాక్టు నిండి తొమ్మిది నెలలు కావస్తోంది. ఆయనకు సెలవు రావలసిందే. కానీ సైట్ ఇంజనీరు బడి పని 'ఖలాస్' అయ్యేదాకా ప్లాస్టరింగ్ మేస్త్రీని వదలనన్నాడు. ఇక మిగిలిన దారి మేనేజరుకు అర్జీ పెట్టుకోవడమే. బిడ్డకు మూడేళ్ళు నిండటానికి ఇంకా ఆరు నెలలుంది. ఆరు నెలల్లో ఒక అర్జీ రాయలేనా! "నాకు వదిలెయ్ మేస్త్రీ," అన్నాను. ఆయన 'సల్లగుండు సార్' అని వెళ్ళిపోయాడు.

ఇక్కడే నాకొక చిక్కు వచ్చిపడింది. మా మేనేజరు అరవై దాటిన ఇంగ్లండు మనిషి. తెల్లతాత అనేవాళ్ళం. ఆయన తల మీద మందుకు కూడా ఒక్క వెంట్రుక లేదు. అలాంటి మనిషికి, అయ్యా, మా మేస్త్రి కూతురికి గుండు చేయించాలి, సెలవివ్వండి అని ఎలా రాయడం? వెక్కిరించినట్టుండదూ? పోనీ ఆయనేమీ అనుకోకపోయినా, గుండు కోసం సముద్రం దాటి వెళతారా అని నవ్వితే మన దేశం పరువేం కావాలి? అందుకని ఆ సంగతి ఎక్కడా బయటపడకుండా, పూర్వీకుల నుంచి వస్తున్న పరమ పవిత్రమైన ఒకానొక గృహకర్మ అని రాశాను. మధ్యలో, సెలవు ఇవ్వండి అని ఊరికే అనకుండా, తమరి లీవ్‌ను దీనాతిదీనంగా యాచిస్తున్నాను అనే అర్థం వచ్చే పాతకాలపు వాక్యం ఒకటి డిక్షనరీ నుంచి ఏరి పెట్టాను. రెండు పేజీలు. మేస్త్రి పేరూ నంబరూ చివరి పంక్తిలో ఎక్కడో ఉన్నాయి.

గురువారం మధ్యాహ్నం తెల్లతాత కబురు పెట్టాడు. వెళితే నా కాగితం ముందు పెట్టుకుని, ఎర్ర పెన్సిల్ చేత్తో పట్టుకుని, చిన్నపిల్లాడిలా మెరిసిపోతున్నాడు.

"ఈ మాట ఇలా ఎవరైనా వాడి యాభై ఏళ్ళయింది. ఇది ఎంత పాత మాటో నీకు తెలుసా?" అన్నాడు, లీవ్ అన్న చోట పెన్సిల్‌తో తట్టి.

తెలియదన్నాను. కూర్చోమన్నాడు. టీ తెప్పించాడు. (అప్పటిదాకా ఆ గదిలో టైమ్‌కీపర్లు కూర్చున్న చరిత్ర లేదు.) ఆ మాటకు మొదటి అర్థం అనుమతి అట. అంతకు ముందు, వాళ్ళ ముత్తాతల ముత్తాతల కాలంలో, ప్రేమ అనే మాటకు అది దగ్గరి చుట్టమట. ఇష్టమైన మనిషి అడిగితే కాదనలేక ఇచ్చేదే లీవ్. వెళ్ళిపోవడం అనే అర్థమున్న లీవ్ అసలు వేరే కుటుంబం నుంచి వచ్చిందట. దానికి మొదట్లో ఉండిపోవడం, మిగిలిపోవడం అని అర్థం. ఈ రెండూ ఎక్కడో దారిలో కలిసి, ఒకే పేరు పెట్టుకుని, ఒకే ఇంట్లో కాపురం ఉంటున్నాయట. ఆయన చెబుతుంటే నాకు ఒళ్ళు తెలియలేదు. కిటికీ అద్దం అవతల ఎండ తెల్లగా కాస్తోంది. గదిలో ఏసీ ఫలజ్ నీళ్ళలాగే ఒక్క తీరుగా మోగుతోంది. చివర్లో ఆయన నా అర్జీలో తొమ్మిది తప్పులు ఎర్రగా దిద్ది, తిరిగి నా చేతికిచ్చాడు. "మళ్ళీ రాసుకురా," అన్నాడు.

బయటికొస్తే మేస్త్రి మెట్ల దగ్గర ఎండలో నిలబడి ఉన్నాడు.

"ఏమాయె సార్?"

"బాగా నచ్చింది మేస్త్రీ. కొంచెం దిద్దుకురమ్మన్నారు."

"సల్లగుండు సార్."

ఆ రెండో అర్జీ మూడు పేజీలైంది. తొమ్మిది తప్పులూ దిద్దాను, కొత్తవి పద్నాలుగు చేశాను. ఈసారి గురువారం టీతోపాటు బిస్కట్లు. సైన్యంలో లీవ్ ఏమిటో, చెప్పాపెట్టకుండా విందు నుంచి జారుకుంటే దాన్ని ఏమంటారో, మతి పోయినవాడు దేన్నుంచి లీవ్ తీసుకున్నట్టో చెప్పాడు. నేనూ ఊరుకోలేదు. అయ్యా, మా తెలుగులో సెలవు ఉంది, అదీ తక్కువది కాదు అని మొదలుపెట్టాను. వెళ్ళడానికి ఇచ్చే అనుమతీ సెలవే, బడికి వచ్చేదీ సెలవే, గుమ్మం దాటేటప్పుడు చెప్పేదీ సెలవే, పెద్దవాళ్ళు నోరు విప్పి ఏదైనా అంటే సెలవిచ్చారంటాం, మా తాతల కాలంలో ఖర్చైపోయినదాన్ని కూడా సెలవైంది అనేవారు అన్నాను. తెల్లతాత బల్ల మీద చరిచి, ఎక్కడి మీరు, ఎక్కడి మేము అని పొంగిపోయాడు. ఇద్దరం కలిసి గట్టిగా నవ్వాం. ఈ అర్థాలు రాసుకోవడానికి నేను మస్కట్‌లోని హమ్రియా బజారుకు వెళ్ళే లారీ డ్రైవరుతో ప్రత్యేకంగా అట్ట నోటుపుస్తకం తెప్పించుకున్నాను. అందులో లీవ్ ఒక్కదానికే పదిహేడు అర్థాలు ఎక్కాయి.

మూడో అర్జీ, నాలుగో అర్జీ. ఒక్కోదానికి నెల పైనే పట్టినా గురువారాల టీ మాత్రం తప్పలేదు. ప్రతి గురువారం మేస్త్రి ఆ మెట్ల దగ్గరే ఉండేవాడు. నేను ప్రతిసారీ నేల మీద కాలు ఆనకుండా బయటికొచ్చి, అయిపోవచ్చింది మేస్త్రీ అనేవాణ్ణి. అబద్ధం చెబుతున్నానని నాకు తెలియదు. నిజంగానే నా మనసులో పని చాలా ముందుకు పోతోంది. మధ్యాహ్నాలు ఫలజ్ గట్టున కూర్చుని, తెల్లతాత చెప్పిన ఆ పాత కాలపు జనం ఒకరినొకరు ప్రేమగా చూసుకుంటూ, వెళ్ళనా, వెళ్ళిరా అని చెప్పుకోవడం ఊహించుకునేవాణ్ణి. తోట అవతలే క్యాంపు రూములో పడుకున్న మనిషి మాత్రం ఊహకు రాలేదు. ఈ మాట ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది.

అలా ఐదు నెలలు గడిచాయి. ఐదో అర్జీ రాసి ఇంకా ఇవ్వకముందు, ఒక శుక్రవారం పొద్దున మేస్త్రి టేప్‌రికార్డర్ పట్టుకుని నా రూముకొచ్చాడు. అప్పట్లో ఫోన్లెక్కడివి! ఉత్తరం చదవలేనివాళ్ళు క్యాసెట్‌లో మాటలు నింపి, ఊరికి పోయే మనిషితోనో వచ్చే మనిషితోనో పంపుకునేవాళ్ళు. "మీరు ఇనాలె సార్," అని బటన్ నొక్కాడు. ముందు కోడి కూత. తర్వాత ఎవరో దగ్గారు. తర్వాత ఆయన భార్య గొంతు, కాగితం మీద చదివినట్టు, అందరూ బాగున్నారు, బర్రె ఈనింది, ఇల్లు కురుస్తోంది అని చెప్పుకుంటూ వచ్చి, ఉన్నట్టుండి మాట మారిపోయింది. "ఏమయ్యా, ఇంక నెలనే ఉన్నది. పోరి తల ఇప్పుడు దువ్వుతున్న, ఇను," అంది. అంతే, చెవులు చిల్లులు పడే ఏడుపు. ఆ ఏడుపులోనే పిల్ల, "నానొస్తడు, నానొస్తడు, తీస్తడు," అని ఎగశ్వాసతో అంటోంది. మేస్త్రి టేప్ ఆపలేదు. అది దానంతటది అయిపోయేదాకా ఇద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాం.

అది విన్నాక నేనన్నదేమిటో తెలుసా? "మేస్త్రీ, ఐదో అర్జీ ఇంకా గట్టిగా మారుస్తాను."

ఆయన నా బల్ల మీది కాగితాల కట్ట వైపు చూశాడు. "రాయుండ్రి సార్," అన్నాడు నెమ్మదిగా. "రేపు మాత్రం నేను గూడ లోపలికొస్త."

మర్నాడు ఇద్దరం వెళ్ళాం. నేను ఐదో అర్జీని రెండు చేతులతో పట్టుకుని, గొంతు సవరించుకుని, ఇంకా నోరు తెరవలేదు, మేస్త్రి ఒకడుగు ముందుకేశాడు.

"సాబ్. మేరా బేబీ. లడ్కీ," అని నేల నుంచి మోకాలి ఎత్తు చూపించాడు. తర్వాత తన తల పట్టుకుని, అక్కడి నుంచి నడుం దాకా చెయ్యి జార్చాడు. "బాల్ ఇత్నా. ఫస్ట్ కటింగ్ నై హువా. పాపా ఆయేగా, కటింగ్ హోగా. పాపా నై, కటింగ్ నై. థ్రీ ఇయర్ ఖలాస్, కటింగ్ మాఫీ." (మాఫీ అంటే అక్కడి అరబ్బీలో లేదు అని.)

తెల్లతాత ఒమాన్‌లో పదిహేనేళ్ళుగా ఉన్నవాడు. ఈ భాష ఆయనకు నా ఇంగ్లీషు కంటే బాగా అర్థమవుతుంది. కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. మేస్త్రినీ నన్నూ, నా చేతిలోని కాగితాన్నీ చూశాడు.

"ఈ మనిషి నిజంగా ఉన్నాడా?" అని అడిగాడు నన్ను.

ఉన్నాడన్నాను. ఎదురుగానే ఉన్నాడు మరి.

"ఆ పవిత్రమైన గృహకర్మ ఇదేనా?"

ఇదేనన్నాను. ఆయన సొరుగు లాగి ఒక ఫైలు తీశాడు. నా నాలుగు అర్జీల జిరాక్స్ ప్రతులు వరసగా, శుభ్రంగా కుట్టి ఉన్నాయి. "నువ్వు ఇంగ్లీషు నేర్చుకోవడానికి రాసుకొస్తున్నావనుకున్నాను," అన్నాడు. "అర్జీ రాయడం అభ్యాసం చేస్తున్నావనీ, ఈ మేస్త్రిని నువ్వే కల్పించావనీ అనుకున్నాను. ఐదు నెలలు! పాపకు జుట్టు తీయించాలని ఒక్క ముక్క ఎందుకు రాయలేదు?"

నా కళ్ళు, ఎంత ఆపినా ఆగకుండా, ఆయన తల వైపు వెళ్ళాయి. ఆయనకు అర్థమైంది. ముఖం ఎర్రబడింది. కోపమో నవ్వో తెలియలేదు. ఒక తెల్లకాగితం లాక్కుని రెండు పంక్తులు రాసి సంతకం పెట్టి, సైట్ ఇంజనీరుకు ఇవ్వమని మేస్త్రి చేతిలోనే పెట్టాడు. నాకివ్వలేదు.

"సాబ్ మీతోని ఏమన్నడు సార్?" అన్నాడు మేస్త్రి బయటికొచ్చాక.

"అర్జీలు బాగా రాశావన్నారు," అన్నాను. ఈసారి తెలిసే చెప్పాను.

పాస్‌పోర్టు చేతికొచ్చి, టికెట్ దొరికి, సల్లగుండు మేస్త్రి మస్కట్ దగ్గరి సీబ్‌లో విమానం ఎక్కేటప్పటికి పిల్లకు మూడేళ్ళు నిండటానికి పన్నెండు రోజులుంది. బొంబాయిలో బస్సు దొరకలేదేమో, దారిలో ఏదైనా అయిందేమో అని ఆ పన్నెండు రోజులూ నాకు తిండి సహించలేదు. గురువారం తెల్లతాత పిలిచినా వెళ్ళలేదు. ఫలజ్ గట్టుకు వెళ్ళాను కానీ డిక్షనరీ తీసుకెళ్ళలేదు. నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని వేళ్ళు మడిచి రోజులు లెక్కపెట్టుకున్నాను. అటు క్యాంపులో మాత్రం, అర్జీ సార్ కాగితాల వల్లే సెలవొచ్చిందని మేస్త్రి వెళ్ళేముందు అందరికీ చెప్పిపోయాడట. శుక్రవారానికి నా గుమ్మం ముందు పదకొండు మంది నిలబడ్డారు.

రెండు నెలలకు మేస్త్రి తిరిగొచ్చాడు. టోపీ తీస్తే తల మీద అంగుళం జుట్టు. వేములవాడ రాజన్న ప్రసాదం పొట్లం నా చేతిలో పెట్టి, ఫోటో చూపించాడు. మేనమామ ఒళ్ళో నున్నటి గుండుతో గంధం పూసుకున్న పిల్ల. పక్కన ఇంకో నున్నటి గుండు, మేస్త్రిది.

"పోయిన కాన్నుంచి నా దగ్గరికి రానే లేదు సార్," అన్నాడు. "నన్ను సూస్తె తల్లి కొంగు ఎన్కకు ఉరికేటిది. నానంటె దాని లెక్కల టేప్‌రికార్డర్ల ఉండేటోడు గద. ఇగ గుడికాడ దానికి తీసినంక నేను గూడ గుండు కొట్టిచ్చుకున్న. అప్పుడొచ్చింది సార్. వచ్చి, నా గుండు మీద చెయ్యి వెట్టి, తన గుండు మీద చెయ్యి వెట్టుకొని, ఒక్కటే నవ్వుడు. ఆనాటి సంది నన్నిడువలే."

నేనిక ఆపుకోలేకపోయాను. జరిగిందంతా చెప్పేశాను. ఆ అర్జీల్లో బిడ్డ సంగతే లేదని, దొర వాటిని పాఠాలనుకున్నాడని, బిస్కట్లు తిన్నానని, సిగ్గుపడి నీ సెలవును ఐదు నెలలు నేనే ఆపానని, ఆ రోజు అబద్ధమాడానని. తిడతాడేమోనని తల దించుకున్నాను. తిడితే బాగుండుననిపించింది కూడా.

"నాకెరికే సార్," అన్నాడు మేస్త్రి.

"ఎలా తెలుసు? నీకు ఇంగ్లీషు రాదు కదా?"

"ఇంగ్లీసెందుకు సార్? నేను మెట్లకాడ నిలవడితె కిటికీలకెల్లి మీరిద్దరు కనవడుతుంటిరి. చాయ్ తాక్కుంట, కాయిదం సూస్కుంట ఒకటే నవ్వుతుంటిరి." ఆయన ఫోటోను జాగ్రత్తగా పర్సులో పెట్టుకున్నాడు. "సెలవు అడిగేటోడు అట్ల నవ్వడు సార్."

ఆ తర్వాత ఎన్ని ఆఫీసుల్లో ఎన్ని వందల సెలవు చీటీలు రాశానో, ఎన్నిటి మీద సంతకం పెట్టానో లెక్కలేదు. అన్నీ రెండు పంక్తులకు మించినవి కావు. ఎవరికి, ఎందుకు, ఎప్పటికి. అయినా ఏ మధ్యాహ్నమో ఏమీ తోచక కూర్చుంటే ఆ కుర్రాడు కనిపిస్తాడు. ఫలజ్ నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని, ఒళ్ళో ఎలుకలు తిన్న డిక్షనరీతో, ప్రపంచమంతా తన చేతిలోనే ఉన్నట్టు నవ్వుకుంటూ. నాలుగు తగిలించి, వెళ్ళి ఆ మెట్ల దగ్గరి మనిషితో ఒక్క నిమిషం మాట్లాడరా అని చెప్పాలనిపిస్తుంది. కానీ వాడు అంత సంతోషంగా ఉంటే చెయ్యి లేవదు. నాకూ నవ్వొస్తుంది.